ఇల్లు ఖాళీ చేశాక లెటింగ్ ఏజెంట్ 385 పౌండ్ల బిల్లు పంపాడు, కట్టాలా?

మిగతావాళ్ళకి కూడా అర్థం కావాలి కాబట్టి ముందు ప్రశ్న క్లుప్తంగా చెబుతాను. అడిగినవారు ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో మాస్టర్స్ చేస్తున్నారు. ముగ్గురు స్నేహితులు కలిసి నెలకి 950 పౌండ్ల రెంట్‌కి ఒక ఇల్లు తీసుకుని ఏడాది ఉన్నారు. చేరేటప్పుడు డిపాజిట్ 1187 పౌండ్ల 50 పెన్నీలు కట్టారు. తాళాలు ఇచ్చేసిన నాలుగో రోజు ఏజెంట్ నుంచి ఈమెయిల్ వచ్చింది. చెకౌట్ ఇన్‌స్పెక్షన్ 120, ప్రొఫెషనల్ క్లీనింగ్ 175, అడ్మిన్ ఛార్జ్ 50, జనవరిలో రెంట్ ఐదు రోజులు లేటయినందుకు రిమైండర్ లెటర్ 40, మొత్తం 385 పౌండ్లు. వారంలో కట్టకపోతే డిపాజిట్‌లోంచి కోసుకుంటామని, క్రెడిట్ రికార్డు కూడా దెబ్బతింటుందని రాశారట. "అగ్రిమెంట్‌లో ఇవన్నీ ఉన్నాయి, సంతకం పెట్టాం, ఇప్పుడు కట్టక తప్పదా? వీసాకి ఏమైనా ఇబ్బంది అవుతుందా?" ఇదీ ప్రశ్న.

కట్టకండి. ఆ నాలుగింటిలో చెకౌట్, అడ్మిన్, రిమైండర్ అనే మూడూ మిమ్మల్ని అడగడమే ఇంగ్లండ్ చట్టం ప్రకారం తప్పు. క్లీనింగ్‌ని కూడా ఫీజుగా అడగడానికి లేదు, కాకపోతే ఇల్లు నిజంగా మురికిగా వదిలి ఉంటే డిపాజిట్‌లోంచి కొంత కోరే హక్కు ల్యాండ్‌లార్డ్‌కి ఉంటుంది, ఆ సంగతి కింద వివరంగా రాస్తాను. వీసాకీ దీనికీ ఏ సంబంధమూ లేదు. మీరు అడగని విషయం ఇంకొకటి ఉంది: మీ డిపాజిట్ అంకె చూసి నాకు అనుమానం వచ్చి లెక్క వేశాను. చేరిన రోజే మీ దగ్గర 91 పౌండ్లు ఎక్కువ తీసుకున్నారు.

నేను బర్మింగ్‌హామ్‌లో ఒక లెటింగ్ ఏజెన్సీలో ఐదేళ్ళు పనిచేశాను, ఈ చట్టం రాకముందు. అప్పట్లో ఆఫీసు గోడకి ఫీజుల పట్టిక ఉండేది. రిఫరెన్సింగ్‌కి (అద్దె కట్టగలమా అని మన గురించి చేసే వాకబు) మనిషికి ఇంత, ఇన్వెంటరీకి (చేరేటప్పుడు ఇంట్లో ఏముందో, ఎలా ఉందో రాసే జాబితా) ఇంత, అగ్రిమెంట్ రాసినందుకు ఇంత, ఏడాది తిరగగానే అదే అగ్రిమెంట్‌లో తేదీ మార్చి ప్రింట్ తీసినందుకు ఇంకో ఇంత. తేదీ మార్చడానికి నాకు పట్టే టైమ్ రెండు నిమిషాలు. ఆ పని మానేశాక గత కొన్నేళ్ళుగా కొత్తగా వచ్చే మన స్టూడెంట్స్‌కి అద్దె ఇళ్ళ విషయంలో సాయం చేస్తున్నాను, ఇలాంటి బిల్లులు చాలా చూశాను. వాటిలో ఎక్కువ భాగం ఒక్క గట్టి ఈమెయిల్‌తో వెనక్కి వెళ్ళిపోయినవే.

చట్టం పేరు టెనెంట్ ఫీజ్ యాక్ట్ 2019. 2019 జూన్ 1 నుంచి కొత్త అద్దెలకి, 2020 జూన్ 1 నుంచి అంతకుముందు మొదలైన అద్దెలకి కూడా వర్తిస్తోంది. దీన్ని రాసిన తీరు అర్థమైతే సగం టెన్షన్ పోతుంది. ఏవేవి తీసుకోకూడదో ఇందులో జాబితా ఇవ్వలేదు, ఏవి తీసుకోవచ్చో మాత్రమే రాశారు, అందులో లేనిది ఏదైనా నిషేధమే. అందుకే ఏజెంట్ దానికి అడ్మిన్ అని పేరు పెట్టినా, ప్రాసెసింగ్ అన్నా, టెనెంట్ ప్యాక్ అన్నా తేడా రాదు. పేరు గురించి వాదించాల్సిన పని మనకి లేదు, అనుమతి ఉన్న జాబితాలో అది ఎక్కడుందో చూపించమంటే చాలు.

ఆ జాబితా చిన్నదే. రెంట్, డిపాజిట్, ఇల్లు మనకోసం ఆపి ఉంచడానికి కట్టే హోల్డింగ్ డిపాజిట్ (వారం రెంట్ దాటకూడదు), గడువుకి ముందే వెళ్ళిపోతామని మనమే అడిగితే దానివల్ల వాళ్ళకి అయ్యే నష్టం, అగ్రిమెంట్‌లో మార్పు మనమే అడిగితే 50 పౌండ్లు (నిజంగా అంతకంటే ఎక్కువ ఖర్చయిందని చూపిస్తే ఆ ఖర్చు), కరెంటు, గ్యాస్, నీళ్ళు, ఇంటర్నెట్, టీవీ లైసెన్స్, కౌన్సిల్ టాక్స్ లాంటి బిల్లులు, తాళం పోగొడితే కొత్తదానికి అయ్యే ఖర్చు, రెంట్ బాగా ఆలస్యమైతే వడ్డీ. అంతే. కౌన్సిల్ టాక్స్ కూడా ఇంట్లో అందరూ ఫుల్‌టైమ్ స్టూడెంట్స్ అయితే ఉండదు, యూనివర్సిటీ ఇచ్చే లెటర్ కౌన్సిల్‌కి పంపితే సరిపోతుంది. కోర్సు అయిపోయాక మాత్రం ఆ మినహాయింపు పోతుంది, చాలామంది ఇది మర్చిపోతున్నారు.

సంతకం పెట్టాం కదా అన్నారు. ఈ మాట నాకు ప్రతి రెండో మెసేజ్‌లో వస్తుంది. మన ఇళ్ళలో సంతకం అంటే మాట ఇచ్చినట్టే, తప్పకూడదని పెంచారు, అది మంచిదే. కానీ చట్టం నిషేధించిన ఫీజు అగ్రిమెంట్‌లో రాసి ఉన్నా ఆ క్లాజ్ మీకు వర్తించదు, అగ్రిమెంట్‌లో మిగతాదంతా మామూలుగానే నడుస్తుంది. ఈ మాట చట్టంలోనే ఉంది. కాబట్టి ఆ ఫీజు కట్టనంటే మీరు మాట తప్పినట్టు కాదు.

ఇప్పుడు మీ బిల్లు.

రిమైండర్ లెటర్ 40 పౌండ్లు. రెంట్ గడువు తేదీ దాటి 14 రోజులు పూర్తయ్యేదాకా ఏమీ వసూలు చేయడానికి లేదు. మీది ఐదు రోజులే, కాబట్టి ఒక్క పెన్నీ కూడా రాదు. 14 రోజులు దాటినా వాళ్ళకి వచ్చేది వడ్డీ మాత్రమే, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ బేస్ రేటు మీద ఏడాదికి 3 శాతం కలిపి, అదీ అగ్రిమెంట్‌లో ముందే రాసి ఉంటేనే. బేస్ రేటు 4 శాతం అనుకుని 950 పౌండ్లు 20 రోజులు లేటయిందని లెక్క వేస్తే 3 పౌండ్ల 64 పెన్నీలు అవుతుంది. లెటర్‌కి 40 ఎక్కడ, ఇది ఎక్కడ! ఇండియా నుంచి డబ్బు రావడం ఒక్కోసారి ఆలస్యమవుతుంది, పండగ సెలవులొస్తే ఇంకా ఆలస్యం, మన పిల్లలు అందులోనే ఎక్కువ దొరికిపోతారు.

చెకౌట్ 120, అడ్మిన్ 50. వీటి మీద ఎక్కువ రాయడానికి ఏమీ లేదు. ఇల్లు ఎలా ఉందో చూసుకోవడం ల్యాండ్‌లార్డ్ పని, ఖర్చూ అతనిదే.

క్లీనింగ్ 175. ఇక్కడ జాగ్రత్తగా చదవండి, మన వంటిళ్ళకి సంబంధించిన సంగతి కూడా ఉంది. ప్రొఫెషనల్ క్లీనర్‌తోనే చేయించాలి, ఫలానా కంపెనీకే ఇవ్వాలి, రసీదు చూపించాలి అని షరతు పెట్టడానికి వాళ్ళకి హక్కు లేదు. కానీ మీరు చేరినప్పుడు ఇల్లు ఎంత శుభ్రంగా ఉందో అంత శుభ్రంగా తిరిగి ఇవ్వాలి, అది మన బాధ్యత. చేరినప్పుడు ఇల్లు ప్రొఫెషనల్‌గా కడిగించి ఇచ్చారని ఇన్వెంటరీలో ఫోటోలతో ఉండి, మీరు వెళ్ళేటప్పుడు జిడ్డుతో వదిలితే, అది ఫీజు కాదు, నష్టపరిహారం కిందకి వస్తుంది, డిపాజిట్‌లోంచి కొంత పోతుంది. నేను చూసిన కేసుల్లో మనవాళ్ళు నిజంగా డబ్బు పోగొట్టుకున్నవి దాదాపు అన్నీ వంటగదివే. పోపు నూనె ఆవిరి పోయి పోయి స్టవ్ పైన ఉండే ఎక్స్‌ట్రాక్టర్ జాలీకి తేనె రంగులో బంకలా పట్టుకుంటుంది, గుడ్డతో తుడిస్తే పోదు, జాలీ ఊడదీసి సోడా వేసిన వేడినీళ్ళలో గంట నానబెట్టాలి. తెల్లటి ప్లాట్‌ఫామ్ మీద పసుపు మరక ఉంటుంది. స్టవ్ వెనక టైల్స్ మధ్య గీతల్లో నలుపు. షవర్ అద్దానికి ఉప్పునీటి చార. ఇవి నాలుగూ చేస్తే క్లీనింగ్ గొడవ ముప్పావు వంతు తీరినట్టే, వెళ్ళే రోజు ఇవే దగ్గర నుంచి ఫోటో తీసి పెట్టుకోవాలి.

మీరు తాళాలు ఇచ్చే ముందు తీసిన వీడియో ఉందని రాశారు కాబట్టి మీ చేతిలో బలం ఉంది. వాళ్ళ 175కి ఆధారం అడగండి: చేరినప్పటి ఇన్వెంటరీ, వెళ్ళినప్పటి రిపోర్టు, క్లీనర్ ఇన్‌వాయిస్. ఈ మూడూ పక్కపక్కన పెడితే తప్ప వాళ్ళ మాట నిలబడదు. పోయినేడాది ఒక అమ్మాయి దగ్గర కార్పెట్ మార్చాలని 240 అడిగారు. మెట్ల దగ్గర నడిచి నడిచి నలిగిన చోటు అది, మరక కాదు, కాలింది కాదు. ఆ కార్పెట్ ఎప్పుడు వేశారో చెప్పమని ఒక్క ప్రశ్న అడిగించాను. తొమ్మిదేళ్ళ కిందట వేసింది. మామూలు వాడకంలో అరిగినదానికి అద్దెకున్నవాళ్ళు డబ్బు ఇవ్వక్కర్లేదు, మొత్తం డిపాజిట్ వెనక్కి వచ్చింది.

ఇక మీ డిపాజిట్ లెక్క. ఏడాది రెంట్ 50,000 పౌండ్ల కంటే తక్కువైతే డిపాజిట్ ఐదు వారాల రెంట్ దాటకూడదు. ఏజెంట్లు ఏం చేస్తారంటే నెల రెంట్‌ని నాలుగుతో భాగిస్తారు: 950ని 4తో భాగిస్తే 237.50, ఐదు వారాలకి 1187.50. మీరు కట్టింది సరిగ్గా అదే. కానీ నెలకి నాలుగు వారాలు ఉండవు. సరైన లెక్క 950ని 12తో గుణించి 52తో భాగించడం, వారానికి 219 పౌండ్ల 23 పెన్నీలు, ఐదు వారాలకి 1096 పౌండ్ల 15 పెన్నీలు. తేడా 91 పౌండ్ల 35 పెన్నీలు. ఇది కూడా నిషేధించిన వసూలు కిందకే వస్తుంది. ఇది చదువుతున్న మిగతావాళ్ళు కూడా మీ మీ అంకెలతో ఒకసారి ఈ లెక్క వేసుకోండి.

ఇప్పుడు చేయాల్సిన పని. ఫోన్‌లో మాట్లాడకండి. ఏజెంట్ ఫోన్ చేసినా "దయచేసి ఈమెయిల్ చేయండి" అని పెట్టేయండి. ఫోన్‌లో వాళ్ళు గడగడా మాట్లాడతారు, మనం మొహమాటానికి ఓకే ఓకే అంటాం, తర్వాత ఆ ఓకేనే ఒప్పుకున్నట్టు రాస్తారు. ఈమెయిల్ పొడుగ్గా వద్దు, కోపం అస్సలు వద్దు. నేను రాయించేది ఇలా ఉంటుంది: ఫలానా తేదీన మీరు ఫలానా మొత్తాలు అడిగారు, టెనెంట్ ఫీజ్ యాక్ట్ 2019లో అనుమతి ఉన్న చెల్లింపుల్లో ఇవి ఏ కిందకి వస్తాయో ఒక్కోటి విడిగా చెప్పండి, క్లీనింగ్‌కి ఆధారాలు పంపండి, డిపాజిట్ పరిమితి కంటే 91.35 ఎక్కువ తీసుకున్నారు, తిరిగి ఇవ్వండి. 14 రోజుల్లో జవాబు రాకపోతే మీ రిడ్రెస్ స్కీమ్‌కి (ఏజెంట్ల మీద ఫిర్యాదులు తేల్చే సంస్థ), కౌన్సిల్ ట్రేడింగ్ స్టాండర్డ్స్‌కి (వ్యాపారులు చట్టం పాటిస్తున్నారా అని చూసే విభాగం) రాస్తాను. అంతే. ముగ్గురి పేర్లూ పెట్టి పంపండి.

ఆ ఈమెయిల్‌లో చివరి వాక్యం ఎందుకు పనిచేస్తుందో లోపల పనిచేసిన మనిషిగా చెబుతాను. చట్టంలో మొదటి తప్పుకి 5,000 పౌండ్ల దాకా జరిమానా రాశారు, ఐదేళ్ళలో మళ్ళీ దొరికితే అది క్రిమినల్ నేరం, లేదా 30,000 దాకా జరిమానా. 385 కోసం ఆ రిస్క్ తీసుకునే మేనేజర్ ఉండడు. బిల్లు పంపేవాళ్ళు లెక్క వేసుకునేది ఒక్కటే, పదిమందికి పంపితే ఎంతమంది అడగకుండా కట్టేస్తారు అని.

ఇదే రోజు ఇంకో పని: మీ డిపాజిట్ ఎక్కడుందో చూడండి. కట్టిన 30 రోజుల్లోపు దాన్ని ప్రభుత్వం ఒప్పుకున్న మూడు స్కీముల్లో ఒకదాంట్లో పెట్టి తీరాలి: డిపాజిట్ ప్రొటెక్షన్ సర్వీస్, మైడిపాజిట్స్, టెనెన్సీ డిపాజిట్ స్కీమ్. మూడింటి వెబ్‌సైట్లలోనూ పోస్ట్‌కోడ్, ఇంటిపేరుతో వెతకొచ్చు. దొరికితే, ఏజెంట్ కోత పెడతానన్నప్పుడు ఒప్పుకోకుండా ఆ స్కీమ్‌లోనే డిస్ప్యూట్ వేయండి, పైసా ఖర్చు లేదు. అక్కడ తీర్పు చెప్పేవాళ్ళు మొదలుపెట్టేదే ఆ డబ్బు అద్దెకున్నవాళ్ళది అనే దగ్గర నుంచి, కోత సరైనదని నిరూపించుకోవాల్సింది ఎదుటివాళ్ళు. మూడింటిలోనూ కనపడకపోతే కథ పూర్తిగా మారిపోతుంది, డిపాజిట్ మొత్తంతో పాటు దానికి ఒకటి నుంచి మూడు రెట్లు కోర్టు మీకు ఇప్పించవచ్చు. ఒక జాగ్రత్త: ముగ్గురిలో లీడ్ టెనెంట్‌గా (అందరి తరఫున స్కీమ్‌లో నమోదైన మనిషిగా) ఎవరి పేరు ఉందో చూడండి, డిస్ప్యూట్ సాధారణంగా ఆ మనిషే నడపాలి. ఆ మనిషి ఇండియా ఫ్లైట్ ఎక్కి యూకే నంబర్ ఆపేస్తే పాస్‌వర్డ్ కోడ్‌లు రాక మిగతా ఇద్దరూ ఇరుక్కుపోతారు. ఇలా రెండుసార్లు జరగడం చూశాను.

ఏజెంట్ మొండికేస్తే దారి ఇది. ముందు వాళ్ళ దగ్గరే అధికారికంగా కంప్లైంట్ ఇవ్వాలి. ఎనిమిది వారాల్లో తేల్చకపోతే ప్రాపర్టీ ఆంబుడ్స్‌మన్ లేదా ప్రాపర్టీ రిడ్రెస్, వాళ్ళు ఎందులో మెంబర్ అయితే అందులో ఫిర్యాదు చేయొచ్చు, ఉచితం. ప్రతి ఏజెంట్ ఈ రెండింటిలో ఒకదాంట్లో ఉండి తీరాలి. డబ్బు ఇప్పటికే కట్టేసినవాళ్ళు తిరిగి రాబట్టుకోవడానికి ఫస్ట్ టయర్ ట్రైబ్యునల్‌కి (ఇలాంటి ఇళ్ళ వివాదాలు విచారించే కోర్టు లాంటిది) నేరుగా వెళ్ళొచ్చు. మీ యూనివర్సిటీ స్టూడెంట్స్ యూనియన్‌లో సలహా కేంద్రం ఉంటుంది, వాళ్ళు ఈమెయిల్ కూడా చూసిపెడతారు, సిగ్గుపడకుండా వెళ్ళండి. ఒక్కటి మాత్రం చేయకండి: ఇంకా ఇంట్లో ఉన్నవాళ్ళు "మీరు నాకివ్వాల్సింది నేనే పట్టుకుంటున్నా" అని రెంట్‌లోంచి కోయకండి. అలా చేస్తే రెంట్ బాకీ ఉన్నట్టు అవుతుంది, తప్పు మన వైపు తిరుగుతుంది.

వీసా భయం గురించి. ఇది అన్నిటికంటే ఎక్కువగా మనవాళ్ళ నోరు కట్టేస్తోంది, అందుకే విడిగా రాస్తున్నాను. మీకూ ఏజెంట్‌కీ మధ్య ఫీజు గొడవ హోమ్ ఆఫీస్‌కి (వీసాలు చూసే ప్రభుత్వ శాఖ) సంబంధించింది కాదు. రైట్ టు రెంట్ చెక్ అంటే మీకు ఇక్కడ అద్దెకుండే అర్హత ఉందా అని షేర్ కోడ్‌తో (మీ వీసా వివరాలు ఆన్‌లైన్‌లో చూపించే కోడ్) చూడటం మాత్రమే, దానికీ ఈ బిల్లుకీ ముడి లేదు. అలాగే క్రెడిట్ రికార్డు: ఏజెంట్ ఒక ఈమెయిల్ రాసినంత మాత్రాన ఏమీ పడదు. వాళ్ళు కోర్టుకి వెళ్ళి, గెలిచి, ఆ తీర్పు వచ్చిన నెలలో కూడా మీరు కట్టకపోతే అప్పుడు మచ్చ మిగులుతుంది. కాబట్టి కోర్టు నుంచి కాగితం వస్తే మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పక్కన పడేయకండి, గడువులోపు జవాబు ఇవ్వాలి. పాత అడ్రస్‌కి వెళ్ళిపోకుండా మీ కొత్త అడ్రస్ ఏజెంట్‌కి రాతపూర్వకంగా ఇవ్వండి.

కొత్తగా ఇల్లు వెతుకుతున్నవాళ్ళకి రెండు ముక్కలు, ఎందుకంటే డబ్బు ఎక్కువగా పోయేది చేరేటప్పుడే. వరంగల్ నుంచి వచ్చిన ఒక అబ్బాయి ఫ్లైట్ ఎక్కకముందే 200 పౌండ్లు హోల్డింగ్ డిపాజిట్ పంపాడు. వచ్చాక, యూకేలో ఆదాయం లేదు కాబట్టి రిఫరెన్స్ ఫెయిల్ అయింది, డబ్బు రాదు అన్నారు. ఫారంలో అతను దాచిందేమీ లేదు, స్టూడెంట్‌ని, ఖర్చులు నాన్న పంపుతారు అని నిజమే రాశాడు. హోల్డింగ్ డిపాజిట్ వాళ్ళు ఉంచుకోవాలంటే మీరు తప్పుడు సమాచారం ఇచ్చి ఉండాలి, లేదా రైట్ టు రెంట్ చెక్‌లో ఫెయిల్ అవ్వాలి, లేదా మీరే వద్దనాలి, లేదా అడిగిన కాగితాలు ఇవ్వకుండా నాన్చి ఉండాలి. లేకపోతే ఏడు రోజుల్లో తిరిగివ్వాలి, ఉంచుకుంటే ఎందుకో కూడా ఏడు రోజుల్లో రాసివ్వాలి. ఈమెయిల్ పంపిన తొమ్మిదో రోజు 200 అతని అకౌంట్‌లో పడ్డాయి. ఆ అబ్బాయి వాళ్ళ నాన్న నాకు ఫోన్ చేసి మాట్లాడారు, ఆటో నడుపుతారట. 200 పౌండ్లంటే ఆ ఇంట్లో ఎంతో నేను చెప్పక్కర్లేదు.

రెండోది, యూకేలో గ్యారంటర్ (మనం కట్టకపోతే రెంట్ తాను కడతానని పూచీ ఇచ్చే మనిషి) లేడని ఆరు నెలల రెంట్ ముందే కట్టమనడం. రెంటర్స్ రైట్స్ యాక్ట్ 2025 వల్ల ఇంగ్లండ్‌లో 2026 మే 1 నుంచి కొత్త అద్దెలకి నెల రెంట్ కంటే ఎక్కువ అడ్వాన్స్ అడగడానికి లేదు. యూనివర్సిటీ హాస్టళ్ళకి, పెద్ద స్టూడెంట్ బ్లాకులకి రూల్స్ వేరు, అవి విడిగా కనుక్కోండి. డబ్బు తీసుకుని గ్యారంటీ ఇచ్చే కంపెనీ దగ్గరికే వెళ్ళాలని బలవంతం చేయడం కూడా కుదరదు, మీ ఇష్టం మీద ఎంచుకుంటే అది వేరు.

నేను రాసిందంతా ఇంగ్లండ్‌కే. వేల్స్‌కి 2019 సెప్టెంబర్ నుంచి విడిగా చట్టం ఉంది, స్కాట్లాండ్‌లో అంతకంటే చాలా ముందు నుంచే ఇలాంటి ఫీజులు నిషేధం, పద్ధతులు మాత్రం వేరు. ల్యాండ్‌లార్డ్ ఉండే ఇంట్లోనే గది తీసుకున్నవాళ్ళకి ఫీజుల నిషేధం వర్తిస్తుంది కానీ డిపాజిట్‌ని స్కీమ్‌లో పెట్టాలనే నియమం వర్తించదు. మన వాట్సాప్ గ్రూపుల్లో "తెలుగువాళ్ళ ఇల్లు, సింగిల్ రూమ్, క్యాష్ డిపాజిట్" అని వచ్చేవాటి దగ్గర ఇంకా జాగ్రత్త, గది ఇచ్చే మనిషి తనే అద్దెకి ఉంటూ ల్యాండ్‌లార్డ్‌కి తెలియకుండా ఇస్తుండొచ్చు. మనవాడే కదా అని చేతికి క్యాష్ ఇవ్వకండి, బ్యాంక్ ట్రాన్స్‌ఫర్ చేసి, దేనికి కడుతున్నామో అందులోనే రాయండి.

మీ విషయానికొస్తే, ఈ రాత్రే మూడు స్కీముల్లోనూ వెతకండి, రేపు ఈమెయిల్ పంపండి. డిపాజిట్ ఎక్కడ కనిపించిందో, ఏజెంట్ ఏం జవాబిచ్చాడో పేర్లు, అడ్రస్ తీసేసి కింద రాయండి, దాన్ని బట్టి తర్వాతి ఈమెయిల్‌లో ఏం రాయాలో చెబుతాను.